పెట్టెలో లేని చామనచాయ: ఫొటో చూసి పెద్దల ముఖం గీయడం



తెలుగు తిరిగి నేర్చుకుంటున్న మీకు ముందుగా ఒక మాటను పరిచయం చేసి, ఆ తరువాత పనిలోకి వస్తాము. ఆ మాట 'ఛాయ'. ఛాయ అంటే నీడ. అదే మాట వాడుకలో 'చాయ' అయి ఒంటి రంగును తెలుపుతుంది. ఛాయాచిత్రం అంటే ఫొటో. నీడ, ఒంటి రంగు, ఫొటో, ఈ మూడింటికీ మన భాష ఒకే మూలం నుండి పేర్లు పెట్టింది. మరి నలుపు అనలేని, తెలుపు అనలేని మధ్యరకపు మేనిరంగును 'చామనచాయ' అంటారు. మన తాతముత్తాతలలో ఎందరో ఆ చాయవారే. రంగు పెన్సిళ్ళ పెట్టె తెరిచి చూడండి. అందులో నిమ్మపండు రంగు ఉంటుంది, గులాబీ ఉంటుంది, ఆకాశనీలం ఉంటుంది. చామనచాయ మాత్రం ఉండదు. దానిని మనమే తయారు చేసుకోవాలి. ఎలా తయారు చేయాలో మేము నేర్చుకున్నంత వరకు ఈ వ్యాసంలో వివరిస్తాము.

మా చదువు ఎలా మొదలయింది

కువైట్‌లో మా ఆలయ కమిటీకి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒక గది, గోడ నిండా దేవుని పటాలు, ఒక హార్మోనియం, రెండు జతల తాళాలు ఉన్నాయి. శుక్రవారం ఇక్కడ సెలవు దినం కనుక ఆ రోజు భజన చేసుకుంటాము. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చినవారు మాలో ఎక్కువ. ఇళ్ళలో పనిచేసేవారు, డ్రైవర్లు, దుకాణాలలో పనివారు, కొద్దిమంది ఇంజనీర్లు ఉన్నారు. భజన ముగిసి ప్రసాదం పంచిన తరువాత కొందరము ఒక గంటసేపు కూర్చొని, ఫొటోలు చూసి రంగు పెన్సిళ్ళతో ముఖాలు గీస్తాము. మాలో చిత్రకళాశాలలో చదివినవారు ఎవరూ లేరు.

ఈ పని మొదలవడానికి ఒక కారణం ఉన్నది. 2020 మార్చిలో ఇక్కడి నుండి విమానాలు నిలిచిపోయాయి. మే 10 నుండి 30 వరకు పూర్తి కర్ఫ్యూ అమలయింది. ఆ నెలలలో ఊరిలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు కడసారి చూపుకు వెళ్ళలేకపోయారు. వారిలో ఇంటిపని చేసే ఒక సోదరి, సంవత్సరీకం దగ్గరపడుతున్నప్పుడు, తండ్రి పటం గీసి ఇమ్మని మమ్మల్ని అడిగింది. ఆమె దగ్గర ఉన్నది ఒకే ఒక ఫొటో. రేషన్ కార్డు మీది చిన్న బొమ్మను ఎవరో ఫోనుతో తీసి పంపినది.

మేము గీశాము. ముఖం ఒక మోస్తరుగా కుదిరింది. రంగు వేయవలసి వచ్చినప్పుడు పెట్టెలో చర్మానికి తగినదనిపించిన లేత గులాబీ పెన్సిలు తీసి ముఖమంతా నింపాము. పెద్దాయనను గౌరవించాము అనే అనుకున్నాము. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసి ఇలా అన్నది: "బాగుండాడు అన్నా. అయితే ఈయన మా నాయన గాదు. మా నాయన చెనిక్కాయ చేన్లో ఎండకు కాలినోడు."

చెనిక్కాయ అంటే వేరుశనగ. రాయలసీమలో అలా అంటారు. ఆమె తప్పుపట్టింది మా చేతిపనిని కాదు, మా కన్నును. ఫొటోలో ఉన్న మనిషిని చూడకుండా, ఉండాలని మేము అనుకున్న మనిషిని గీశాము. పెద్దలను తెల్లగా చూపితేనే గౌరవమనే అలవాటు మాకు తెలియకుండానే చేతిలోకి వచ్చి కూర్చున్నది.

ఈ అలవాటు మా ఒక్కరిది కాదు. అమెరికాలోని క్రేయోలా సంస్థ లేత గులాబీ వంటి ఒక రంగును చాలాకాలం 'చర్మం' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మి, 1962లో ఆ పేరును 'పీచ్' అని మార్చింది. ఒక రంగుకే చర్మమని పేరు పెడితే మిగిలినవారి చర్మానికి పేరే లేకుండా పోతుంది. పేరు మారింది గాని, ఆ పెన్సిలు వైపే ముందుగా చేయి వెళ్ళే అలవాటు చాలామందిలో ఇంకా మారలేదు.

ఎవరి కోసం తీసిన ఫొటో?

మీలో పలువురి దగ్గర ఉన్న పెద్దల ఫొటో కూడా ఇంటివారి కోసం తీసినది కాకపోవచ్చు. మారిషస్ సంగతి చూడండి. మన వాళ్ళు ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరుతోనే అక్కడ వారిని కోరంగీలు అన్నారు. ఆ ద్వీపంలో 1860లలో కూలీల గుర్తింపు కోసం ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. 1867 నాటి కార్మిక చట్టం తరువాత, ఒప్పందం ముగిసిన పాత కూలీలు ఫొటో అంటించిన టికెట్టును వెంట ఉంచుకోవలసి వచ్చింది. ఇటువంటి నిర్బంధాలపై 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు విన్నపం సమర్పించారు. దానిని తయారు చేయడానికి ఆదోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన సాయపడ్డాడు. ఆనాటి వలస రిజిస్టర్లు, ఫొటోలు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. తమ పెద్దల వివరాల కోసం సంతతివారు అక్కడికి వెళుతుంటారు.

ఆ ఫొటోలో ఉన్న మనిషి ఎవరినో ప్రేమగా చూస్తూ నిలబడలేదు. అధికారి ముందు నిలబడ్డాడు. అందుకే అటువంటి బొమ్మలలో దవడ బిగుసుకొని ఉంటుంది, భుజాలు పైకి లేచి ఉంటాయి. మాకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. కువైట్‌లో మేమందరం 'బతాకా' అనే గుర్తింపు కార్డు జేబులో పెట్టుకొని తిరుగుతాము. ఆ కార్డు మీది ముఖం మా ఇంటివారు ఎరిగిన ముఖం కాదు. ఆ రెండు కాలాలూ ఒకటే అని మేము అనడం లేదు. మేము మా ఇష్టంతో వచ్చాము, సెలవు దొరికితే ఇంటికి వెళతాము. కాని ఆఫీసు కోసం తీసిన ఫొటోను ఇంటి పటంగా మార్చడం ఎంత కష్టమో మాకు తెలుసు.

గీయడం వలన జరిగేది ఈ మార్పే. ఒక ముఖాన్ని గీయడానికి మాకు ఆరు నుండి ఎనిమిది శుక్రవారాలు పడుతుంది. అంతసేపు ఆ ముఖాన్ని ఏ గుమాస్తా చూసి ఉండడు.

పాత ఫొటో ఏ రంగును దాస్తుంది?

గీయడానికి ముందు పాత ఫొటో స్వభావం తెలుసుకోవాలి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో గాజు పలకపై మందు పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసేవారు. ఆ మందుకు నీలి వెలుగు మాత్రమే బాగా కనిపిస్తుంది. ఎరుపు, పసుపు దాదాపు కనిపించవు. 1873లో జర్మనీకి చెందిన వోగెల్ మందులో కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఆకుపచ్చ, పసుపు కూడా పట్టుబడతాయని కనుగొన్నాడు. అన్ని రంగులకు స్పందించే పలకలు 1906 నుండి అమ్మకానికి వచ్చాయి. అయినా చాలా స్టూడియోలు ఆ తరువాత కూడా పాత రకాన్నే వాడాయి.

దీని ఫలితం మన పెద్దల ఫొటోలలో స్పష్టంగా కనిపిస్తుంది. నుదుటి కుంకుమ నల్లని చుక్కగా పడుతుంది. పసుపు రంగు చీర ముదురుగా కనిపిస్తుంది. నీలిమందు అద్దిన బట్ట తెల్లబట్ట వలె తేలిపోతుంది. గోధుమ రంగు చర్మంలో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ కనుక, మనిషి ఉన్నదానికంటె నల్లగా కనిపిస్తాడు. ఇక అచ్చు వేసిన కాగితం కాలక్రమంలో పసుపు తిరిగిపోతుంది. ఆ పసుపు కాగితానిది గాని చర్మానిది కాదు.

కనుక పాత ఫొటో చూసి ముఖాన్ని బొగ్గువలె గీయడం తప్పు. మా వలె గులాబీ రంగు పూయడం అంతకంటె పెద్ద తప్పు. ఫొటో నుండి వెలుగునీడల వరుసను మాత్రమే తీసుకోవాలి. అనగా ఏ భాగం కంటె ఏ భాగం ముదురు అన్నది. రంగును మాత్రం ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. "ముత్తవ్వ రంగు మీ ఇంట్లో ఎవరికి వచ్చింది?" అని పెద్దలను అడగండి. ఒక అత్తనో ఒక మేనల్లుడినో చూపుతారు. వారిని పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చోబెట్టి రంగులు సరిచూసుకోండి.

నేటి ఫోను ఫొటోలకు వేరే లోపాలు ఉన్నాయి. ముఖానికి బాగా దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. కొన్ని ఫోనులు అడగకుండానే ముడతలను చెరిపి, చర్మాన్ని తెల్లగా చేస్తాయి. అటువంటి ఫొటోను నమ్మకండి.

అసలు ఫొటోపై ఎన్నడూ గీతలు గీయకండి. దానికి ప్లాస్టిక్ పొర వేయించకండి. అంచులు మాత్రమే పట్టుకొని, పగటి వెలుతురులో నకలు తీసి, ఆ నకలును పెద్దదిగా అచ్చు వేయించుకొని దాని మీద పనిచేయండి.

ముందు చుక్కలు, తరువాత గీతలు

మన ఇళ్ళ ముందు వేసే చుక్కల ముగ్గు మీలో కొందరికి గుర్తుండవచ్చు. ముగ్గు వేసే తల్లి ముందు చుక్కలు సమానమైన ఎడంలో పెట్టి, ఆ తరువాతనే గీత కలుపుతుంది. గళ్ళ పద్ధతి కూడా అటువంటిదే. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నకలు తీసుకోండి. దానిపై స్కేలుతో ఒక్కొక్క సెంటీమీటరుకు గీతలు గీయండి. బొమ్మ గీసే కాగితంపై 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున, రెండేసి సెంటీమీటర్లకు గీతలు గీయండి. రెండింటిలోనూ 150 గళ్ళు వస్తాయి. బొమ్మ రెండింతలు పెద్దదవుతుంది.

ఇప్పుడు ముఖాన్ని చూడకండి. ఒక్కొక్క గడిని మాత్రమే చూడండి. ఈ గడిలో గీత ఎడమ అంచును ఎక్కడ తాకుతున్నది? పై అంచును ఎక్కడ దాటుతున్నది? 'కన్ను' అనుకొని గీస్తే చిన్నప్పుడు బడిలో నేర్చిన చేప ఆకారపు కన్నే వస్తుంది. ఇది ఒక గడిలోని వంకర గీత మాత్రమే అనుకొని గీస్తే ఆ మనిషి కన్ను వస్తుంది. కష్టంగా ఉంటే ఫొటోను, కాగితాన్ని రెండింటినీ తలక్రిందులుగా పెట్టి గీయండి. అప్పుడు తెలిసిన ఆకారాలు అడ్డురావు.

గళ్ళను బాగా తేలికగా గీయాలి. నల్ల పెన్సిలు పొడి తరువాత వేసే పసుపు రంగులో కలిసి మురికి చేస్తుంది. అందుచేత గళ్ళను సగం చెరిపి, ముఖపు గీతలను లేత గోధుమ రంగు పెన్సిలుతో దిద్దుకోవాలి.

పోలిక అంటే ఏమిటి?

తెలుగులో 'పోలిక' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకదానితో ఒకటి సరిచూడడం పోలిక. బిడ్డకు తాత ముఖం రావడం కూడా పోలికే. గీసేవారికి ఈ రెండూ ఒకటే. ఎంత బాగా పోల్చి చూస్తే అంత బాగా పోలిక వస్తుంది.

మన శిల్పశాస్త్రాలు ముఖాన్ని 12 అంగుళాల కొలతగా తీసుకొని మూడు సమభాగాలు చేస్తాయి. ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మ పరిమాణాన్ని బట్టి మారే కొలత. నుదుటి మొదలు నుండి కనుబొమల వరకు నాలుగు, కనుబొమల నుండి ముక్కు కొస వరకు నాలుగు, ముక్కు కొస నుండి గడ్డం వరకు నాలుగు. పాశ్చాత్యుల చిత్రకళ కూడా ముఖాన్ని ఇలాగే మూడు భాగాలు చేస్తుంది. వీటికి తోడు మరికొన్ని గుర్తులున్నాయి. తల మొత్తం ఎత్తులో కళ్ళు దాదాపు సగంలో ఉంటాయి. రెండు కళ్ళ మధ్య ఇంచుమించు ఒక కన్ను వెడల్పు ఖాళీ ఉంటుంది. చెవి పైభాగం కనుబొమ వరుసలో, చెవి తమ్మె ముక్కు కొస వరుసలో ఉంటాయి.

ఈ కొలతలు దేవుని విగ్రహానికి సరిపోతాయి. మన తాతకు సరిపోవు. తాత ముఖం ఈ కొలతను ఎక్కడ దాటినదో, ఎక్కడ దానికి తగ్గినదో అక్కడే ఆయన ఉన్నాడు. ఒక కనుబొమ కొంచెం పైకి ఉండవచ్చు. పళ్ళు ఊడినందువలన ముక్కుకు, గడ్డానికి మధ్య దూరం తగ్గి ఉండవచ్చు. కుడి చెక్కిలిపై అమ్మవారు పోసిన గుంటలు ఉండవచ్చు. అమ్మవారు పోయడం అంటే మశూచి రావడం. వీటిని సరిదిద్దకండి. సరిదిద్దిన కొద్దీ బొమ్మ అందంగా అవుతుంది, మనిషి దూరమవుతాడు.

పొరలు పొరలుగా చామనచాయ

రంగు పెన్సిలుకు నీటిరంగు వలె కలుపుకొనే పళ్ళెం లేదు. ఒక రంగుపై మరొక రంగు పలుచగా వేస్తూ కాగితం మీదనే కలపాలి. దోసె పిండిని పలుచగా పరిచినట్లు వేయాలి గాని, గోడకు సున్నం కొట్టినట్లు కాదు. పెన్సిలు మొన ఎప్పుడూ సన్నగా ఉండాలి. చేయి తేలికగా, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్లు తిరగాలి. మొదటి పొరలోనే గట్టిగా నొక్కితే కాగితంలోని సన్నని గరుకు మూసుకుపోయి, పై పొరలు అంటుకోవు.

చామనచాయకు మేము పాటించే వరుస ఇది.

మొదటి పొర పసుపుమట్టి రంగు. ముఖమంతా పలుచగా వేసి, బాగా మెరిసే చోట్లను మాత్రం వదలాలి. నుదుటి మధ్యభాగం, ముక్కు దూలం, చెక్కిలి ఎముక, క్రింది పెదవి మధ్య భాగం సాధారణంగా మెరుస్తాయి. రంగు పెన్సిలు పనిలో కాగితపు తెలుపే అసలైన తెలుపు. ఒకసారి కప్పితే అది పూర్తిగా తిరిగి రాదు.

రెండవ పొర కావి రంగు. సన్న్యాసుల వస్త్రాల రంగు, మన ఇళ్ళ అరుగులకు పూసే ఎర్రమన్ను రంగు అదే. చెక్కిళ్ళు, ముక్కు కొస, చెవులు, పెదవులపై ఇది కొంచెం ఎక్కువ పడాలి, ఎందుకంటే అక్కడ రక్తం చర్మానికి దగ్గరగా ఉంటుంది.

మూడవ పొర ముదురు గోధుమ. వెలుగు పడని వైపు, కళ్ళ గుంతలు, ముక్కు క్రింద, గడ్డం క్రింద, మెడపై వేయాలి.

నాలుగవ పొర నీడ. ఇక్కడ నల్ల పెన్సిలు తీసుకోకండి. గోధుమ రంగు చర్మంపై నలుపు వేస్తే మసి పూసినట్లు ఉంటుంది. వంకాయ రంగు గాని ముదురు నీలం గాని పలుచగా వేసి, దానిపై మరల కావి వేస్తే నీడ లోతుగా, ప్రాణంతో ఉంటుంది. ఆరుబయట తీసిన ఫొటో అయితే, మెరిసే చోట్ల అంచులలో లేత నీలం ఒక్కసారి తాకించండి. నల్లని చర్మంపై ఆకాశపు వెలుగు అలాగే ప్రతిఫలిస్తుంది.

ఆ తరువాత మరల మొదటి నుండి ఇదే వరుస. మూడు నాలుగు పర్యాయాలు తిరిగితే, పెట్టెలో ఏ ఒక్క పెన్సిలూ ఇవ్వలేని చాయ కాగితం మీదికి వస్తుంది. మనిషి ఇంకా నల్లనివాడైతే పసుపుమట్టి రంగు తగ్గించి, ముదురు గోధుమతో వంకాయ రంగు పెంచాలి. ఎరుపు చాయ అయితే కావి పెంచాలి.

కంటిలోని తెల్లభాగం తెల్లగా ఉండదు. పైరెప్ప నీడ దానిపై పడుతుంది. వృద్ధులలో అది కొంచెం పసుపుగా కూడా ఉంటుంది. కనుపాపలో ఒక చిన్న మెరుపు చుక్కను మాత్రం మొదటి నుండి కాగితపు తెలుపుగా వదలాలి. ముడతను గీతగా గీయకండి. ముడత అంటే ఒక వైపు నీడ, దాని పక్కన వెలుగు. పళ్ళ మధ్య గీతలు గీయకండి. జుట్టును వెంట్రుక వెంట్రుకగా గాక, ముందు ఒక ముద్దగా నీడలతో వేసి, చివరలో నాలుగైదు వెంట్రుకలు చూపితే చాలు. ముక్కుపుడక, చెవికమ్మలు, నుదుటి బొట్టు చివరలో వేయండి. ఫొటోలో నల్లగా ఉన్న బొట్టును ఎర్రగా వేయాలని ఇప్పుడు మీకు తెలుసు.

పెన్సిళ్ళు, కాగితం, మా ఎండ

ఖరీదైన పెద్ద పెట్టె అవసరం లేదు. పైన చెప్పిన ఏడెనిమిది రంగులు మంచివి అయితే చాలు. జర్మనీలోని ఫేబర్-కాస్టెల్ 1908 నుండి పాలీక్రోమోస్ అనే చిత్రకారుల పెన్సిళ్ళు తయారు చేస్తున్నది. వీటిలో నూనె పాలు ఎక్కువ, మొన గట్టిగా నిలుస్తుంది. అమెరికాలో 1938లో వచ్చిన ప్రిస్మాకలర్ రకంలో మైనం పాలు ఎక్కువ, మెత్తగా జారుతుంది, అయితే త్వరగా విరుగుతుంది. నేర్చుకొనేటప్పుడు పిల్లలు బడికి తీసుకుపోయే కామ్లిన్, డోమ్స్ పెన్సిళ్ళతో కూడా చేతిని సాధన చేయవచ్చు. కాని పటం కట్టించే బొమ్మకు వెలుతురులో వెలిసిపోని రకాన్నే వాడాలి. మంచి పెన్సిళ్ళపై అందుకు గుర్తులు ఉంటాయి. గులాబీ, ఊదా రంగులలో త్వరగా వెలిసిపోయేవి ఎక్కువ కనుక వాటిని ఎంచేటప్పుడు ఆ గుర్తులను తప్పక చూడాలి.

మైనం రకం పెన్సిళ్ళతో గట్టిగా వేసిన చోట కొన్నాళ్ళకు తెల్లని బూజు వంటి పొర తేలుతుంది. అది బూజు కాదు, పైకి వచ్చిన మైనం. మెత్తని గుడ్డతో తేలికగా తుడిస్తే పోతుంది.

కువైట్ ఎండ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదయింది. ఇక్కడ వేసవిలో కారులో వదిలిన మైనం పెన్సిళ్ళ మొనలు మెత్తబడి, చెక్కగానే విరిగిపోతాయి. మేము పెన్సిళ్ళను ఇంటిలో చల్లని చోట ఉంచుతాము. చేతి చెమట కాగితానికి అంటకుండా అరచేతి క్రింద ఒక తెల్లకాగితం వేసుకుంటాము. ఫిజీలోనో డర్బన్‌లోనో మలేసియాలోనో ఉన్నవారు వేడి కంటె తేమకు జాగ్రత్తపడాలి. తేమ పట్టిన కాగితం రంగును సరిగా తీసుకోదు.

బొమ్మ పటమయ్యే వరకు

పటం అంటే అద్దం బిగించిన బొమ్మ. అద్దం బొమ్మకు తగలకూడదు. మధ్యలో దళసరి అట్ట చట్రం ఉంచమని పటం కట్టేవారికి చెప్పండి. నేరుగా ఎండ పడే గోడకు తగిలించకండి. చందనం, కుంకుమ పెట్టదలచినవారు అద్దంపైన పెట్టాలి గాని కాగితంపైన కాదు. దీపపు మసి, కర్పూరపు పొగ తగలని దూరంలో ఉంచాలి. మన ఆచారంలో గతించినవారి పటాలను దేవుని పటాల వరుసలో కలపరు. వేరొక గోడకు ఉంచి, తిథినాడు పూలదండ వేస్తారు.

ఇక ఆ సోదరి తండ్రి బొమ్మ సంగతి. మేము మరొక కాగితం తీసుకొని మొదటి నుండి గీశాము. ఈసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని అడిగాము. ఆయన తలకు ఎప్పుడూ గుడ్డ చుట్టుకొనేవాడట. అందువలన నుదుటి పైభాగం కొంచెం లేతగా, కనుబొమల క్రింది నుండి ముఖమంతా ముదురుగా ఉండేదట. ఈ సంగతి రేషన్ కార్డు ఫొటోలో కనిపించదు. నుదుటిపై ఒక అడ్డగీత వరకు పసుపుమట్టి రంగును తేల్చి, ఆ క్రింద కావిని, ముదురు గోధుమను పెంచాము. వేరుశనగ చేనిలో గడిచిన ఆయన ఎండాకాలాలన్నీ ఆ అడ్డగీత క్రింద చేరాయి. ఏడవ శుక్రవారం ఆమె చూసి, "ఇప్పుడు తలగుడ్డ తీసి కూసున్నట్టుండాడు అన్నా" అన్నది. పటం కట్టించి, ఊరికి వెళ్ళేవారి చేతికి ఇచ్చి పంపించాము. సంవత్సరీకం నాడు ఇంటిలో దానికి దండ వేశారు.

చివరగా ఒక పని మరువకండి. బొమ్మ వెనుక తెలుగులో నాలుగు వరుసలు వ్రాయండి. పెద్దవారి పేరు, తెలిసినంత వరకు ఊరు, ఏ ఫొటో చూసి గీశారు, ఆయన రంగును ఎవరి జ్ఞాపకం నుండి తీసుకున్నారు. ఈ నాలుగవ వరుస ముఖ్యమైనది. ఫొటో చెప్పినది ఎంత, ఇంటివారు చెప్పినది ఎంత అనేది మీ మనుమలకు తెలియాలి. వ్రాతలో తప్పులు వస్తాయని సంకోచించకండి. మీ ముత్తాత పేరును రిజిస్టరులో వ్రాసిన గుమాస్తా తన చెవికి ఎలా వినిపిస్తే అలా, తన లిపిలో వ్రాసుకున్నాడు. మీరు వ్రాసేది ఆయన లిపిలో.